రంగస్థలముపై దంపతులు, తెరవెనుక మిత్రులు

1901లో బొంబాయి నగరమున ముంబయి గుజరాతీ నాటక మండలి వారు మూల్‌శంకర్ మూలానీ రచించిన ‘సౌభాగ్యసుందరి’ని ప్రదర్శించినారు. నాయిక పాత్ర ధరించిన జయశంకర్ భోజక్ అప్పటికి పదమూడవ యేట నున్న బాలుడు. ఉత్తర గుజరాతమున విస్‌నగర్ దాపున పుట్టి, భవాయి ఆటయే కులవృత్తిగా గల కుటుంబమున పెరిగి, ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయముననే కలకత్తా వెళ్ళి పారసీ నాటక సమాజమున పనిచేసి వచ్చినవాడు. ఆ నాటకము ఆడిన నాటినుండి జయశంకరుని అసలు పేరు మరుగున పడి, పాత్ర పేరే ఆయన పేరైనది. 1975లో ఎనుబదియారవ యేట కన్నుమూసిన నాటికిని లోకము ఆయనను జయశంకర్ ‘సుందరి’ యనియే పిలిచినది. భారత ప్రభుత్వము 1971లో పద్మభూషణ బిరుదమునిచ్చినదియు ఆ పేరిటి మనిషికే.

సుందరి కెదుట నాయకుడు బాపూలాల్ నాయక్. వయస్సున పదేండ్లు పెద్ద. ‘సౌభాగ్యసుందరి’ పిమ్మట ‘జుగల్ జుగారీ’, ‘కామలత’ మొదలైన నాటకములలో ఈ యిరువురి జంట బొంబాయి ప్రేక్షకులకు దాంపత్యమునకే ప్రమాణమైనది. సుందరి చీరకట్టును, నడకను, తల వంచి ఓరగా చూచు తీరును నగరములోని సంపన్న గృహిణులు అనుకరించినారు. ఒక పురుషుని వలన స్త్రీలు స్త్రీత్వమును నేర్చుకొన్నారన్న మాట. బాపూలాలును చూచి పురుషు లేమి నేర్చుకొన్నారో ఎవరును వ్రాసిపెట్టలేదు. రంగస్థల చరిత్రకారులకు నాయికపై నున్న శ్రద్ధ నాయకునిపై తక్కువ.

ఈ జంటను గూర్చి ఆలోచించునపుడు ఒక ప్రశ్న తప్పక తలయెత్తును. రాత్రి పొడవునను ఒకరినొకరు ప్రియులుగా సంబోధించుకొని, విరహమున కుమిలి, పునస్సమాగమమున కన్నీరు కార్చి, తెల్లవారిన తరువాత ఒకే బసలో ఒకే పంక్తిని భుజించు ఇద్దరు పురుషుల మధ్య నుండు బంధము నేమని పిలువవలెను? మన నాటక చరిత్రలు ఈ ప్రశ్నను అడుగవు. అడుగకపోవుటయే మర్యాద యని మన పెద్దలు భావించినారు. వదంతులు మాత్రము గ్రీన్‌రూములలో, కిళ్ళీ కొట్ల దగ్గర, తరువాతి తరము వారి నవ్వులలో నిలిచియున్నవి. చరిత్రకారుడు మౌనము వహించిన చోట వెక్కిరింత చరిత్రయై కూర్చుండును. ఈ వ్యాసమునకు ప్రేరణ అదియే.

సుందరి స్వీయచరిత్ర ‘థోడాఁ ఆఁసు, థోడాఁ ఫూల్’ ఆయన మరణించిన మరుసటి యేడు, 1976లో, వెలువడినది. కొన్ని కన్నీళ్ళు, కొన్ని పువ్వులు అని దాని కర్థము. అందు ఒక ఘట్టమును పరిశోధకులు పలుమార్లు ప్రస్తావించినారు. నాయిక వేషము తొలిసారి ధరించి అద్దములో చూచుకొన్నపుడు తనకు తాను కనబడలేదనియు, యౌవనవతియైన ఒక కన్య కనబడినదనియు, ఆ కన్యలోని సిగ్గు తన ఒడలిలో నిజముగనే పుట్టినదనియు ఆయన వర్ణించినాడు. ఇది అభినయ పాండిత్యమును చాటుకొను మాట కాదు. ఒక శరీరములో రెండు ఉనికులు క్షణకాలము కలసి నిలిచిన అనుభవమును, వెరపు లేక, విచారము లేక చెప్పిన మాట. ఆ నిర్భయత్వము మన ఆత్మకథలలో అరుదు. అయితే ఆ అద్దము నెదుట ఆయన ఒంటరిగనే యున్నాడు. ప్రక్కనున్న మనిషిని గూర్చి అంత లోతుగ చెప్పుట వేరొక సాహసము. ఆ సాహసమును ఆ తరములో ఎవరినుండియు ఆశించుట న్యాయము కాదు.

స్త్రీ పాత్రలను పురుషులు ధరించుట మన దేశమున కొత్త కాదు. భరతుడు పాత్రల ప్రకృతిని మూడు విధములుగ విభజించుచు, పురుషుడు స్త్రీ భావమును ధరించుటను రూపానుసారిణి యన్నాడు. పతంజలి మహాభాష్యమున ‘భ్రుకుంస’ శబ్దమున్నది. ఆడవేషము కట్టు నటుడని దాని కర్థము. ఇంత ప్రాచీనమైన పేరున్న వృత్తి యిది. కాని నాట్యశాస్త్రము వేషమును గూర్చి చెప్పినదే కాని ఆ వేషధారి జీవితమును గూర్చి చెప్పలేదు. శాస్త్రమును చూపి జీవితమును దాటవేయుట మన విమర్శకులకు అలవాటైన పని గనుక ఈ సంగతి నింతతో విడిచెదను.

మహారాష్ట్రమున బాలగంధర్వుని కథ మరింత ప్రసిద్ధము. నారాయణ శ్రీపాద్ రాజహంస్ 1888లో పుట్టి, బాల్యముననే తిలక్ వలన ‘బాలగంధర్వ’ బిరుదమును పొంది, 1905లో కిర్లోస్కర్ నాటక మండలిలో చేరి, 1913లో గణేశ్ గోవింద్ బోడస్, గోవిందరావ్ టెంబే లతో కలసి గంధర్వ నాటక మండలిని స్థాపించినాడు. ఆ సమాజము పేరు ఒకని బిరుదము మీద నున్నను, పుట్టుక ముగ్గురు మిత్రుల పూనిక. ఆయన ధరించిన నూఱు వన్నెల చీరలు, పరిమళ ద్రవ్యములు, నిజమైన నగలు, వీటి కైన అప్పులు మరాఠీ గాథలలో నొక భాగము. నాకు మాత్రము మరియొక సంగతి ముఖ్యముగ తోచును.

లలితకళాదర్శ సమాజమునకు అధిపతియైన కేశవరావ్ భోసలే బాలగంధర్వునికి గట్టి పోటీదారు. ఆయనయు స్త్రీ పాత్రలతో పేరు పొందినవాడే. ఈ యిరువురి అభిమానులు వీధులలో వాదులాడుకొనెడివారు. 1921 జులై 8వ తేదీన తిలక్ స్వరాజ్య నిధి కొరకు ఇరు సమాజములు కలసి ‘మానాపమాన’ నాటకమును ఆడినవి. బాలగంధర్వుడు భామిని, కేశవరావు ధైర్యధరుడు. ‘సంయుక్త మానాపమాన’ మని నేటికిని మరాఠీలు చెప్పుకొను రాత్రి యది. పోటీదారు లిద్దరు ప్రణయినీ ప్రణయులుగ నిలిచి ఒకరికొకరు పాట నందించుకొన్నారు. కొన్ని నెలలు తిరుగకమునుపే కేశవరావు మరణించినాడు. స్పర్ధ, గౌరవము, ఆకర్షణ, ఇవి యన్నియు ఒకే పాటలో కలసి యుండగా ఏది ఎంత పాలు అని త్రాసులో తూచుట ఎవరి తరము?

బాలగంధర్వుని జీవితములో సమాజము క్షమింపని ఘట్టము పురుష స్నేహము కాదు. 1930వ దశకము చివర గోహర్ బాయి కర్ణాటకి ఆయన నాటకములలో ప్రవేశించినది. 1951లో ఆమెను వివాహమాడినాడు. ముస్లిం స్త్రీతో ఆయన సహజీవనమును ఆయనను ఆరాధించిన మధ్యతరగతి చాలవరకు సహింపలేదు. ముప్పది యేండ్లు చీర కట్టి పురుషుల సరసన కూర్చున్నపుడు రాని అభ్యంతరము, ధోవతి కట్టి ఒక స్త్రీ సరసన కూర్చున్నపుడు వచ్చినది. శీలమని మనము పిలుచు వస్తువు ఎక్కడ మతమో, ఎక్కడ కులమో, ఎక్కడ కామమో విడదీసి చూచిన గాని ఈ చరిత్ర అర్థము కాదు.

ఇక తెలుగు దేశమునకు వచ్చిన, రెండు సంప్రదాయములు ఒకే కాలమున నడచినవి. 1885లో వనారస గోవిందరావు కడప మండలమున సురభి సమాజమును ఆరంభించినప్పటినుండి ఆ కుటుంబములలో స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించినారు. బళ్ళారి రాఘవ నటనకు సహజత్వము ప్రాణమని నమ్మి, స్త్రీలు రంగమెక్కవలెనని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి వారితో కలసి నటించినాడు. ఇవి రెండును ఉండగనే ఆంధ్ర ప్రేక్షకుడు స్థానం నరసింహారావును నెత్తిన పెట్టుకొన్నాడు. కనుక స్త్రీలు దొరకకపోవుట చేతనే పురుషులు ఆ వేషములు కట్టిరన్న సిద్ధాంతము పూర్తి నిజము కాదు. దొరికినను ప్రేక్షకుడు పురుషునిలోని స్త్రీనే కోరినాడు. ఆ కోరికకు పేరు పెట్టుటకు మనము జంకితిమి.

స్థానం 1902లో బాపట్లలో జన్మించినాడు. 1920లో ‘హరిశ్చంద్ర’లో చంద్రమతి వేషధారి రానందున ఆ వేషము ఆయనకు దక్కినది. తెనాలి శ్రీరామవిలాస సభలో సత్యభామ, చిత్రాంగి, చింతామణి, దేవదేవి, మధురవాణి, ఒకదానిని మించి ఒకటి. 1956లో పద్మశ్రీ. 1971లో మరణము. ‘శ్రీకృష్ణతులాభారము’లో సత్యభామ చేత పాడించిన అతి ప్రసిద్ధమైన పాట ఆయన స్వయముగ కూర్చుకొన్నదే. చూడుడు: చింతామణి వేశ్య, మధురవాణి వేశ్య, దేవదేవి వేశ్య. కళావంతుల ఇండ్ల స్త్రీలు ఆడిపాడరాదని సంస్కర్తలు ఉద్యమించి, 1947లో మద్రాసు శాసనము వెలువడిన కాలమున, ఆ స్త్రీల సొగసును, మాటకారితనమును, అభినయమును రంగస్థలముపై నిలిపినవాడు గృహస్థుడైన ఒక పురుషుడు. ఒకరి యొడలి మీద దోషమైనది మరియొకరి యొడలి మీద కళ యైనది. ఇందు స్థానం తప్పేమియు లేదు. ఆయన శ్రద్ధయు, కృషియు నిర్వివాదములు. కాని ఈ మార్పిడికి మూల్యము చెల్లించినవా రెవరో మరువరాదు.

స్థానము వారిని గూర్చి వెలువడిన ప్రశంసలను వరుసగ చదివిన, ఒకే వాక్యము రూపములు మార్చుకొని తిరుగుచుండును. స్త్రీలే సిగ్గుపడునట్లు నటించెడివారు. వేషము తీసిన పిమ్మట మాత్రము పూర్ణ పురుషుడు. ఈ రెండవ సగము ఎందులకు? గయోపాఖ్యానమున అర్జునుడుగ వేసినవానిని గూర్చి, వేషము తీసిన పిమ్మట పాండవుడు కాడని ఎవరును భరోసా యియ్యరు. స్త్రీ పాత్రధారి విషయముననే అది కావలసి వచ్చినది. ఆ భరోసా నటుని గూర్చినది కాదు. రాత్రంతయు ఆ సత్యభామను రెప్పవేయక చూచిన పురుష ప్రేక్షకుడు తనను గూర్చి తాను ఇచ్చుకొను భరోసా అది.

కూచిపూడిలో ఈ భరోసా మరియొక రూపమున నున్నది. సిద్ధేంద్రయోగి ఆజ్ఞ చొప్పున ఆ అగ్రహారపు బ్రాహ్మణ బాలుడు జీవితమున ఒక్కసారియైన సత్యభామ వేషము కట్టవలెనని ఐతిహ్యము. వేషము మొక్కుబడి యైనపుడు దానిని శంకించువా రుండరు. వేదాంతం సత్యనారాయణశర్మ ఈ పరంపరకు శిఖరము. 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1970లో పద్మశ్రీ, 2012లో మరణము. ఉష, సత్యభామ, మోహిని పాత్రలలో ఆయనను చూచి నిజముగ స్త్రీ యని భ్రమించినవారి కథలు కోకొల్లలు. హర్షిత మృత్యింటి కామత్ 2019లో వెలువరించిన గ్రంథమున, కూచిపూడి స్త్రీవేషము బ్రాహ్మణ పురుషత్వమును తగ్గింపక దానికి అధికారమును చేకూర్చినదని వాదించినది. ఆ వాదము చాలవరకు సబబే. వేషము పూజయైన చోట కులమునకు గౌరవము. అదే వేషము వీధి భాగవతములో, పగటివేషములో, కులబలము లేనివాడు కట్టిన ‘ఆడంగి’ యన్న పిలుపు.

ఆ మాట దగ్గర కొంత నిలువవలసి యున్నది. రచయితలము గనుక పదములను గూర్చి మనమే జవాబుదారులము. పురుషుల మధ్య అనురాగమును చెప్పుటకు తెలుగులో మాటలకు కొరత లేదు. చెలిమి, కూరిమి, నెయ్యము, నేస్తము, సంగడి, తెలంగాణమున సోపతి. వీనిలో కూరిమియు నెయ్యమును స్నేహమునకును ప్రణయమునకును సమానముగ చెల్లును. చెలి యన్న ప్రియురాలు, చెలికాడన్న మిత్రుడు, చెలిమి యన్న ఇరువురికిని ఉమ్మడి సొత్తు. మన పూర్వులు ఈ రెండు భావముల నడుమ గోడ కట్టలేదు. తిక్కన బృహన్నలను ఏమాత్రము అగౌరవము లేక నడిపినాడు. గోడ తరువాత వచ్చినది. ఒక వైపు బజారు తిట్టు, మరియొక వైపు వైద్యుడో, పోలీసువాడో వాడదగిన సంస్కృత సమాసము. నడుమ ఒక మనిషి నిలుచుటకు తగినంత చోటు మన ఆధునిక వచనమున ఇటీవలి వరకు లేకపోయినది.

గోడ కట్టినవారిలో శాసనకర్త యొకడు. మెకాలే ముసాయిదా నుండి పెరిగి 1860లో రూపొందిన శిక్షాస్మృతిలోని 377వ విభాగము, ఆంగ్లేయుల నీతిని మన చెలిమిపై రాజముద్రతో నిలిపినది. ఆ నీతి పుట్టిన దేశమున నటుల కేమైనదో చూచిన మన మౌనము కొంత బోధపడును. సుప్రసిద్ధ నటుడు జాన్ గీల్‌గుడ్ 1953 జూనులో సర్ బిరుదమును పొంది, అక్టోబరులో అట్టి నేరము క్రింద పట్టుబడి పది పౌనుల జరిమానా కట్టినాడు. కొలది దినములకే లివర్‌పూల్‌లో రంగమెక్కుటకు కాలాడక నిలిచినపుడు సహనటి సిబిల్ థార్న్‌డైక్ చేయి పట్టి తీసికొనివచ్చినది. ప్రేక్షకులు హర్షధ్వానములతో స్వాగతించినారు. అమెరికా పియానో వాదకుడు లిబరాచీ 1959లో లండను న్యాయస్థానమున, తాను అట్టివాడను కానని ప్రమాణము చేసి, డెయిలీ మిర్రర్ పత్రికపై ఎనిమిది వేల పౌనుల పరిహారము గెలిచినాడు. ఆ ప్రమాణము నిజము కాదని 1987లో ఆయన మరణానంతరము స్పష్టమైనది. న్యాయస్థానపు దస్తావేజును పరమ ప్రమాణముగ గ్రహించు చరిత్రకారుడు ఈ రెండవ ఉదంతమును జ్ఞాపకముంచుకొనుట మంచిది. భయము క్రింద చెప్పిన ‘కాదు’ సాక్ష్యము కాజాలదు. అట్లే చెప్పని మాటయు ‘అవును’ కాజాలదు.

ఇంతవరకు వయోజనుల స్నేహమును గూర్చి చెప్పినాను. బాలుర సంగతి వేరు. దక్షిణమున 1918లో శంకరదాస్ స్వామిగళ్ స్థాపించిన సభ మొదలు మదురై ఒరిజినల్ బాయ్స్ కంపెనీ వరకు, బాలుర సమాజములు తమిళ నాటకమునకు పాఠశాలలు. టి. కె. షణ్ముగం, ఎం. జి. రామచంద్రన్, శివాజీ గణేశన్ అట్టి చోట్లనే పెరిగినారు; గణేశన్ తొలినాళ్ళలో సీత వేషము కట్టినాడు. పదేండ్ల పిల్లలు ఇల్లు విడిచి, పెద్దల దయాదాక్షిణ్యములపై బ్రదికిన స్థలములవి. అక్కడ ‘మైత్రి’ యను మాటను చాల జాగ్రత్తగ వాడవలెను. ఆశ్రయ మిచ్చినవాడు కోరినపుడు కాదనగల శక్తి బాలునికి లేదు. రంగస్థల జీవితమును మధురముగ చిత్రించు ఉత్సాహమున ఈ సంగతిని కప్పిపుచ్చుట, వయోజనుల అనురాగమును తిట్టిపోయుట కంటె తక్కువ దోషము కాదు.

ఈ సంగతిని నేరుగ వ్రాసినవాడు హిందీ రచయిత పాండేయ బేచన్ శర్మ ‘ఉగ్ర’. 1900లో చునారులో పుట్టి, బాల్యమున అన్నతో కలసి రామలీలా మండలులలో తిరిగి సీతాది పాత్రలు ధరించినవాడు. 1960లో వెలువడిన ‘అప్నీ ఖబర్’ అను ఆత్మకథలో ఆ మండలుల లోగుట్టును, బాలురపై పెద్దల చూపులను, దాచక చెప్పినాడు. అంతకు ముందు 1924 నుండి కలకత్తా ‘మత్‌వాలా’ పత్రికలో వ్రాసి 1927లో ‘చాక్లెట్’ అను పేర సంపుటిగ తెచ్చిన కథలు హిందీ ప్రపంచమును కుదిపివేసినవి. దురాచారమును ఖండించుటకే వ్రాసితినని ఉగ్రుడు. ఖండన పేరిట ఆకర్షణీయము చేసినాడని ప్రత్యర్థులు. బనారసీదాస్ చతుర్వేది అట్టి రచనలకు ‘ఘాస్‌లేటీ సాహిత్య’ మని పేరు పెట్టి ఉద్యమమే నడిపినాడు. ఘాస్‌లేట్ అనగా కిరసనాయిలు. గాంధీజీ ఆ పుస్తకమును చదివి, రచయిత ఉద్దేశము శుద్ధమైనదనియే తోచినదని చతుర్వేదికి తెలిపినాడు. ఆ జాబు చాల యేండ్లు లోకమునకు తెలియనే లేదు. 1953లో ‘చాక్లెట్’ మరల అచ్చైనపుడు ఆ సంగతియే ఉగ్రునికి రక్షాకవచ మైనది.

‘చాక్లెట్’ కథలను ఇప్పుడు చదివిన ఇరుపక్షముల వారును కొంత నిజమే చెప్పిరనిపించును. బాలుని చెరచువానిని, తోటి యువకుని ప్రేమించువానిని ఒకే గాటను కట్టుటలో ఉగ్రుడు పొరబడినాడు. కాని ప్రేమించువాని నోట గజళ్ళను, పురాణ కవుల పేర్లను, చరిత్రలోని మిత్రులను పలికించునపుడు, సంస్కర్త చేయి జారి రచయిత చేయి పైకి వచ్చును. నటుడుగ పెరిగినవాడు గనుక ఎదుటి పాత్రకు తగిన మాట ఇయ్యకుండ ఉండలేకపోయినాడేమో. తెలుగులో అట్టి వాదము చెలరేగనే లేదు. మన సంస్కర్తలు వేశ్యలతోడి పొత్తును గూర్చి నాటకములు వ్రాసినారు. ఆ నాటకములలో వేశ్య వేషము కట్టిన పురుషుని గూర్చి ఆలోచింపలేదు.

చివరికి ఈ మౌనమును తన నోటితో విప్పినవాడు వంగదేశపు జాత్రా నటుడు చపల్ భాదురి. ప్రసిద్ధ నటి ప్రభాదేవి కుమారుడు. 1930ల చివర పుట్టి, పదునారేండ్ల ప్రాయమున ‘ఆలీబాబా’లో మర్జీనా వేషముతో మొదలిడి, నట్ట కంపెనీ మొదలైన జాత్రా సమాజములలో ‘చపల్ రాణి’గ వెలిగినాడు. పందిళ్ళలో నాలుగు దిక్కుల ప్రేక్షకుల నడుమ రాణులుగ, వీరవనితలుగ ఆయన కనిపించిన దినములవి. 1960ల నుండి జాత్రాలోనికి స్త్రీలు వచ్చినారు. అది జరుగవలసినదే, కాని చపల్ రాణులకు పని పోయినది. సుందరి 1932లో విరమించి స్వగ్రామము చేరి, మరల 1948 తరువాత అహమ్మదాబాదున దర్శకుడుగ అవతరించి, 1953లో ‘మేనా గుర్జరి’లో దీనా గాంధీ అను స్త్రీని నాయికగ తీర్చిదిద్దగలిగినాడు. అట్టి రెండవ జన్మ అందరికిని దొరకదు. చపల్ భాదురి చిల్లర పనులు చేసి, శీతలాదేవి వేషము కట్టి పొట్ట పోసికొన్నాడు. మశూచికము నుండి కాపాడు తల్లి శీతల, మన పోలేరమ్మ వంటిది.

1999లో నవీన్ కిశోర్ తీసిన లఘుచిత్రమున, శీతల ముఖవర్ణములు పూసికొనుచు, చపల్ భాదురి తన కథ చెప్పినాడు. ఒక పురుషునితో మూడు దశాబ్దములకు పైగ సాగిన ప్రేమను, ఆతనికి గల సంసారమును, ఆ యింటిలో తనకు దొరికిన స్థానమును, చివర దొరకకపోయిన స్థానమును, పాత్ర పరిచయము చేసినంత తేటగ వివరించినాడు. ఏడ్వలేదు, సమర్థించుకొనలేదు. అప్పటికి 377వ విభాగము అమలులో నున్నదని గుర్తుంచుకొనవలెను. 2010లో కౌశిక్ గంగూలీ తీసిన ‘ఆరెక్‌టి ప్రేమేర్ గల్పో’లో ఆయన తన పాత్రయందు తానే కనిపించినాడు, ఋతుపర్ణ ఘోష్ ఆయన యౌవనమును అభినయించినాడు. 2018 సెప్టెంబరు 6న సుప్రీం కోర్టు వయోజనుల పరస్పరాంగీకారమునకు ఆ విభాగము వర్తింపదని తీర్పు చెప్పినపుడు, మొదటి వాది నవతేజ్ సింగ్ జోహర్ భరతనాట్య కళాకారుడగుట కాకతాళీయమే కావచ్చును. నాకు మాత్రము అది రంగస్థలము చిరకాలము మోసిన బరువును తీర్చుకొన్నట్లు తోచినది.

చపల్ రాణి చెప్పినది గదా యని సుందరి, స్థానం, బాలగంధర్వుల నోట అదే మాట పెట్టుట అన్యాయము. వారి జీవితములు వేరు, ఇండ్లు వేరు, భార్యాబిడ్డలు వేరు. వారు చెప్పినంతవరకే వారిని గూర్చి చెప్పగలము. ఒకరి ధైర్యమును అందరికిని ఆపాదించుట గౌరవము కాదు. కాని ‘వారు అట్టివారు కారు’ అని పైనుండి ముద్ర వేయుటయు మన పని కాదు. అట్లు వేసిన ప్రతి ముద్రయు, ఈనాడు తమకు పూర్వులు ఎవరైన ఉండిరా యని వెదకు యువకుని మొగముపై తలుపు మూయును. సుందరి–బాపూలాలు జంట దాంపత్యాభినయము ఒక వాస్తవము. వేల ప్రేక్షకులు దానిని ప్రేమగ నమ్మినది వాస్తవము. ఆ నమ్మికను పుట్టించుటకు ఇద్దరు పురుషులు ఒకరి శ్వాసను ఒకరు ఎరిగి యుండవలసినది వాస్తవము. ఈ మూడింటిని ఉన్నవి ఉన్నట్లు వ్రాయుటకు వదంతి అక్కరలేదు, తీర్పు అక్కరలేదు.

తెలుగున ఈ పని ఇంకను మొదలు కావలసి యున్నది. స్థానము స్వయముగ వ్రాసిన ‘నటస్థానము’ను పాత్రాభినయ పాఠముగ చదివినారే గాని, ఎదుటి నటులతో ఆయనకు గల సంబంధములను తెలిసికొనుటకు చదివినవారు తక్కువ. తెనాలి, ఏలూరు, కాకినాడ, బందరు పట్టణములలో నాటక కుటుంబముల ఇండ్లలో కంట్రాక్టు కాగితములును, నటులు ఒకరికొకరు వ్రాసికొన్న ఉత్తరములును ఎన్ని మిగిలినవో లెక్క తీయవలెను. కృష్ణుడుగ, బిల్వమంగళుడుగ, గిరీశముగ స్త్రీ పాత్రధారుల ఎదుట నిలిచినవారి మాటలు వెదకవలెను. నాయికలను గూర్చి నాయకులు చెప్పినది మనవద్ద లేనేలేదు. కూచిపూడిలో వేషము కట్టిన వృద్ధులు, మేకప్ చేసినవారు, హార్మోనియము వాయించినవారు, ఆ కుటుంబముల స్త్రీలు, వీరిని అడుగునపుడు భర్త రాత్రి సత్యభామయై వచ్చిన యింటిలో భార్య ఏమనుకొన్నదని కూడ అడుగవలెను.